ఫలితాల రోజు రాకముందే లోడ్ బ్యాలెన్సర్ దగ్గర సరిచూసుకోవాల్సినవి

ఏప్రిల్, మే నెలల్లో ఇంటర్, పదో తరగతి ఫలితాల లింకు తెరుచుకున్న మరుక్షణం లక్షలాది ఇళ్లలో ఒకేసారి హాల్‌టికెట్ నంబరు కొడతారు. పేజీ రాకపోతే ఎవరూ ఆగరు, రిఫ్రెష్ మీద రిఫ్రెష్ చేస్తారు. ఆ పూట కమాండ్ లైన్‌లో చేసే చిన్న పొరపాటు కూడా పెద్దదవుతుంది. వచ్చిన రద్దీని వెనకున్న సర్వర్లకు పంచేదే లోడ్ బ్యాలెన్సర్. లినక్స్ మీద హెచ్‌ఏప్రాక్సీ (ఆ పంపకం చేసే ప్రోగ్రాం), కీప్‌అలైవ్‌డీ (ఒకటి పడిపోతే పనిని రెండోదానికి అప్పగించే ప్రోగ్రాం)లతో నడిచే రెండు బ్యాలెన్సర్ల జతకు పనికొచ్చే జాగ్రత్తలివి.

ముందుగా చూడాల్సింది, నడుస్తున్న స్థితీ కాన్ఫిగ్ ఫైలూ ఒకటేనా అన్నది. అడ్మిన్ సాకెట్ (నడుస్తున్న హెచ్‌ఏప్రాక్సీకి కమాండ్లు పంపే దారి) ద్వారా చేసిన మార్పులు మెమరీలోనే ఉంటాయి, ఫైలులోకి ఎక్కవు. రాత్రి ఒకరు పాడైన సర్వర్‌ను ‘మెయింట్’లో (రద్దీ పంపకుండా పక్కన ఉంచే స్థితిలో) పెట్టి వెళ్లారనుకోండి. పొద్దున ఇంకొకరు రీలోడ్ చేస్తే (కాన్ఫిగ్ ఫైలును మళ్లీ చదివిస్తే) అది మళ్లీ వరసలోకి వచ్చేస్తుంది. అందుకే రీలోడ్‌కు ముందు ‘షో సర్వర్స్ స్టేట్’ ఫలితాన్ని స్టేట్ ఫైలులోకి దింపాలి, దాన్ని చదువుకునేలా కాన్ఫిగ్‌లో ముందే రాసి ఉంచాలి. హెచ్‌ఏప్రాక్సీ తనంతట తాను ఈ ఫైలు రాయదు. సాకెట్‌కు అడ్మిన్ స్థాయి ఉందో లేదో కూడా ఇప్పుడే చూడండి. లేకపోతే సర్వర్ స్థితి మార్చే కమాండ్లు తిరస్కరిస్తుంది, దాన్ని సరిచేయడానికి రద్దీ మధ్యలో రీలోడ్ చేయాల్సి వస్తుంది.

రీస్టార్ట్ జోలికి పోవద్దు. రీలోడ్ చేస్తే పాత ప్రాసెస్ తన చేతిలోని కనెక్షన్లు ముగించుకుని వెళ్తుంది. రీస్టార్ట్ అన్నిటినీ తెంచేస్తుంది, కాన్ఫిగ్‌లో తప్పుంటే తిరిగి లేవదు కూడా. రీలోడ్‌లోనూ ఒక చిక్కుంది: కనెక్షన్లు ఎక్కువసేపు నిలిచే చోట పాత ప్రాసెస్‌లు పోగుపడి మెమరీ తినేస్తాయి. ‘హార్డ్-స్టాప్-ఆఫ్టర్’తో గడువు పెట్టండి. ఫైలును సరిచూసే ‘-సి’ ఆప్షన్ రాత సరిగ్గా ఉందని చెబుతుందే గానీ, వెనక సర్వర్ పోర్టు తప్పు రాస్తే పట్టుకోదు.

సర్వర్‌ను పక్కకు తీసేటప్పుడు నేరుగా ‘మెయింట్’ కాదు, ముందు ‘డ్రెయిన్’ (కొత్తవాళ్లను పంపకుండా, ఉన్నవాళ్లను ముగించుకోనివ్వడం). ‘షో స్టాట్’లో ఎస్‌కర్ గడి (ప్రస్తుత సెషన్ల సంఖ్య) సున్నాకు వచ్చాక ‘మెయింట్’. కుకీతో ఒకే సర్వర్‌కు కట్టేసిన సైట్లలో డ్రెయిన్ పెట్టినా పాత కుకీ ఉన్నవాళ్లు అక్కడికే వస్తూ ఉంటారు కాబట్టి సున్నా కోసం ఎంతసేపైనా ఎదురుచూడాల్సి రావచ్చు. తిరిగి చేర్చేటప్పుడు ‘స్లోస్టార్ట్ 60ఎస్’ ఉంటే రద్దీ ఒక్కసారిగా మీద పడదు.

ప్రతి సర్వర్ లైనులో మ్యాక్స్‌కాన్ (ఒకేసారి అనుమతించే కనెక్షన్ల పరిమితి) తప్పనిసరి. లోడ్ టెస్టులో సర్వర్ ఎంత తట్టుకుందో అంతే ఇవ్వండి, మిగిలినవాళ్లు క్యూలో ఆగుతారు. క్యూలో ఆగే గడువైన ‘టైమౌట్ క్యూ’ రాయకపోతే కనెక్ట్ టైమౌటే దానికీ వర్తిస్తుంది. అది 5 సెకన్లుంటే 5 సెకన్లకే 503 (సర్వర్ అందుబాటులో లేదన్న ఎర్రర్) కనిపిస్తుంది, వెంటనే రిఫ్రెష్, మళ్లీ క్యూ. 30 సెకన్లు ఇవ్వడం మేలు. హెల్త్ చెక్ పేజీ (సర్వర్ బతికుందా అని హెచ్‌ఏప్రాక్సీ అడిగి చూసే పేజీ) డేటాబేస్‌ను తాకకూడదు. విడిగా రాయకపోతే 2 సెకన్లకోసారి చూసి, వరసగా 3 సార్లు తప్పితే సర్వర్‌ను తీసేస్తుంది. ఆ పేజీ డేటాబేస్‌ను తాకుతుంటే, అది కాస్త నెమ్మదించినా అన్ని సర్వర్లూ ఒకేసారి పోతాయి.

సీపీయూ ఖాళీగా ఉన్నా కొత్తవాళ్లకు సైటు తెరుచుకోవడం లేదంటే ముందు కర్నెల్ సందేశాలు చూపే ‘డీమెసేజ్’లో కాన్‌ట్రాక్ టేబుల్ (లినక్స్ కనెక్షన్ల లెక్క రాసుకునే పట్టిక) నిండిందన్న వరుస కోసం వెతకండి. దాని కౌంట్‌ను (ఇప్పుడున్న లెక్క), మ్యాక్స్‌ను (గరిష్ఠ పరిమితి) పక్కపక్కన పెట్టి చూసి పరిమితి ముందే పెంచుకోవాలి. బూట్ సమయంలో కాన్‌ట్రాక్ మాడ్యూల్ ఇంకా లోడ్ కాకపోతే సిస్‌కంట్రోల్ ఫైలులో (కర్నెల్ సెట్టింగుల ఫైలు) రాసిన విలువ అమలు కాదు, కాబట్టి ఒకసారి రీబూట్ చేసి చూడండి.

రెండో బ్యాలెన్సర్ పనిచేస్తుందని నమ్మి ఊరుకోవద్దు. ముందురోజు రాత్రి మొదటిదానిలో హెచ్‌ఏప్రాక్సీని ఆపి, వర్చువల్ ఐపీ (పనిలో ఉన్న బ్యాలెన్సర్ దగ్గర ఉండే ఉమ్మడి చిరునామా) రెండోదానికి మారిందో లేదో చూడండి. మారకపోతే కీప్‌అలైవ్‌డీలో ప్రాసెస్‌ను గమనించే చెక్ స్క్రిప్ట్ ఉందో లేదో, సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడండి: అది లేకపోతే మెషిన్ బతికున్నంత కాలం ఐపీ అక్కడే ఉండిపోతుంది. రెండు చోట్లా ఐపీ కనిపిస్తే, మధ్యలోని ఫైర్‌వాల్ వీఆర్‌ఆర్‌పీ (రెండు బ్యాలెన్సర్లు తమలో తాము మాట్లాడుకునే పద్ధతి) వాడే 112వ నంబరు ప్రోటోకాల్‌ను ఆపుతోందేమో చూడండి. ‘ఐపీ నాన్‌లోకల్ బైండ్’ అనే కర్నెల్ సెట్టింగ్ 1 కాకపోతే, తన దగ్గర లేని ఐపీ మీద వినాల్సిన రెండోదానిలో హెచ్‌ఏప్రాక్సీ లేవనే లేవదు. రెండిటిలోని హెచ్‌ఏప్రాక్సీ కాన్ఫిగ్ ఫైళ్లనూ ఎస్‌హెచ్‌ఏ256సమ్‌తో (ఫైళ్లు ఒకటేనా అని తేల్చే కమాండ్) పోల్చండి. సర్టిఫికెట్ గడువు తేదీనీ రెండు చోట్లా చూడండి.

ఆ రోజు టీమక్స్‌లోనే (కనెక్షన్ తెగినా పని ఆగకుండా ఉంచే ప్రోగ్రాం) పని చేయండి. ప్రాంప్ట్‌లో హోస్ట్ పేరు రెండిటికీ వేర్వేరు రంగుల్లో ఉండాలి. ఎంటర్ కొట్టే ముందు పక్కనున్నవారు ఆ లైను పైకి చదవాలి. ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్ అయ్యే దారి) తెగిపోతే మెషిన్‌లోకి వెళ్లే కన్సోల్ దారి, దాని పాస్‌వర్డ్ ఎవరి దగ్గర ఉన్నాయో తెలుసుకుని, ముందురోజే ఒకసారి లాగిన్ అయి చూడండి.