పాత మాస్సీ లిఫ్ట్ లేవకపోతే ముందు క్లచ్ చూడండి

పాత మాస్సీ ఫెర్గూసన్ ట్రాక్టర్, 35 గానీ 1035 గానీ, వెనక పనిముట్టుని లేపే లిఫ్ట్ ఎత్తట్లేదంటే మనవాళ్ళు ముందు పంపుని తిడతారు. గుంటూరు ఆటోనగర్‌లో మా షెడ్డుకి అలాంటి బండి వస్తే నేను ముందు చూసేది తోలేవాడి ఎడమ కాలు. ఈ బళ్ళలో హైడ్రాలిక్ పంపు ఇంజిన్‌కి తగిలించి ఉండదు. వెనక హౌసింగ్‌లో, సీటు కింద, నూనెలో మునిగి ఉంటది. దాన్ని తిప్పేది పీటీఓ షాఫ్ట్, అంటే రోటవేటర్ లాంటి పనిముట్లకి వెనక నుంచి ఊపు ఇచ్చే ఇరుసు, ఆ షాఫ్ట్‌కి ఊపు ఇచ్చేది క్లచ్.

డబుల్ క్లచ్ బండిలో ప్లేట్లు రెండు, ఒకదాంట్లో ఒకటి దూరిన షాఫ్టులు రెండు. ఒకటి చక్రాలకి, రెండోది పీటీఓకీ పంపుకీ. పెడల్ సగం తొక్కితే చక్రాలు ఆగుతాయి, పంపు తిరుగుతానే ఉంటది. ఆ సగం దగ్గర కాలికి ఇంకాస్త బరువు తగిలిద్ది. అక్కడ ఆపటం అలవాటు చేసుకోవాల. అది దాటి అడుక్కి తొక్కితే పంపు కూడా ఆగిద్ది. కొత్తగా తోలే కుర్రాళ్ళు చేను కొసకి రాగానే క్లచ్ అడుక్కి తొక్కి లిఫ్ట్ లివర్ పైకి లాగుతారు, గొర్రు కదలదు. కాలు సగానికి వదిలితే అదే లేచిద్ది. దానికి మెకానిక్ ఎందుకు?

సింగిల్ క్లచ్ అయితే ఈ సగం అనేదే లేదు. పనిముట్టుని వెనక మూడు కడ్డీలతో తగిలించే ఈ మూడు లింకుల పద్ధతిని నిలబెట్టిన హారీ ఫెర్గూసన్ 1946లో తెచ్చిన టీఈ20 ట్రాక్టర్ కూడా అలాంటిదే, తొక్కితే అన్నీ ఆగుతాయి. అలాంటి బండి మీద ముందు లివర్, గొర్రు లేచాక క్లచ్. వరస మారకూడదు.

కాలు సరిగ్గానే ఉందనుకోండి. పీటీఓ లివర్ చూడండి. అది న్యూట్రల్‌లో ఉంటే లిఫ్ట్ పనిచెయ్యదు. చక్రాలతో పాటు తిరిగే స్థానంలో ఉంటే బండి నడిచినప్పుడే లేచిద్ది, నిలబెడితే లేవదు. ఇంజిన్ స్థానంలో పెట్టాల, అదీ క్లచ్ అడుక్కి తొక్కి, షాఫ్ట్ ఆగాక. గరగరమంటా దూర్చొద్దు.

తర్వాత నూనె. గేర్‌బాక్స్‌కీ, డిఫరెన్షియల్‌కీ, లిఫ్ట్‌కీ ఒకటే నూనె. బండిని చదునులో పెట్టి, పనిముట్టు నేలకి దించి, ఇంజిన్ ఆపి చూడాల. నూనె పాలు కలిసినట్టు తెల్లగా ఉంటే దమ్ములో నీళ్ళు దిగినట్టే, తెనాలి వైపు బళ్ళకి ఇది ఎక్కువ. మొత్తం మార్చాల్సిందే.

ఇవన్నీ అయ్యాక వెనక పీటీఓ షాఫ్ట్ తిరుగుతుందా చూడండి, దూరం నుంచే, లుంగీ కొంగులు అటు పోనివ్వకుండా. తిరగట్లేదంటే రోగం క్లచ్‌లో గానీ లివర్‌లో గానీ ఉంది. తిరుగుతా కూడా ఎత్తట్లేదంటే అప్పుడు పంపు మాట. ఎత్తాక ఇంజిన్ ఆపితే గబగబా దిగుతుంటే పంపుది కాదు తప్పు. సిలిండర్ దగ్గరో వాల్వు దగ్గరో నూనె కారుతుంది. ఇంజిన్ నడుస్తున్నప్పుడు పనిముట్టు తల ఊపినట్టు కిందకీ పైకీ ఆడటం కూడా ఆ జబ్బే.

లిఫ్ట్‌కి లివర్లు రెండెందుకని చాలామంది అడుగుతారు. పొజిషన్ లివర్ ఎత్తుని పట్టి ఉంచిద్ది. దమ్ము చక్రాలతో పనికీ, రోటవేటర్‌కీ అదే వాడాల, డ్రాఫ్ట్ లివర్ మాత్రం పైన ఉంచి. డ్రాఫ్ట్ లివర్ లాగుడుని బట్టి పనిచేసిద్ది, అది నాగలి కోసం. పెదనందిపాడు వైపు నల్లరేగడిలో ఎండాకాలం దుక్కి దున్నేటప్పుడు గట్టి చోటు తగిలితే నాగలి మీద లాగుడు పెరిగి టాప్ లింక్, అంటే మూడింటిలో పై కడ్డీ, ముందుకి నెట్టిద్ది. అది తగిలించిన చోట లావుపాటి స్ప్రింగ్ నొక్కుకుని, లోపల వాల్వు కదిలి, నాగలి కొద్దిగా లేచిద్ది. బరువు వెనక చక్రాల మీద పడి జారుడు తగ్గిద్ది. గట్టి చోటు దాటగానే మళ్ళీ దిగిద్ది. అంత తెలివి ఏ వైరూ లేకుండా ఇనుములోనే పెట్టారు, అందుకే నాకీ పాత బళ్ళంటే గౌరవం. డ్రాఫ్ట్ వాడేటప్పుడు పొజిషన్ లివర్ ట్రాన్స్‌పోర్ట్ అనే గుర్తు దగ్గర ఉండాల. మనూళ్ళలో ఎక్కువమంది దీన్ని ముట్టుకోకుండానే బండి అమ్మేస్తారు.

ఇంకోటి, బురదలో ఇరుక్కున్న ట్రక్కుని లాగటానికి గొలుసు టాప్ లింక్ చోట కట్టొద్దు. ముందు చక్రాలు లేచి బండి తోలేవాడి మీదే తిరగబడిద్ది. కింద లాగటానికి ఉండే కమ్మీ, డ్రాబార్‌కే కట్టాల.

క్లచ్ ఊరికే అరగదు. పెడల్ మీద కాలు ఆనించి తోలితే రిలీజ్ బేరింగూ ప్లేటూ రెండూ పోతాయి. క్లచ్ ఉండే డిప్ప, బెల్ హౌసింగ్ అడుగున చిన్న కన్నం ఉంటది, అక్కడ నూనె చుక్కలు కనిపిస్తే ప్లేట్లకి జిడ్డు పట్టే రోజు దగ్గరున్నట్టు. నల్లగా ఉంటే ఇంజిన్ సీల్, లేకపోతే గేర్‌బాక్స్ సీల్.

క్లచ్ మార్చాలంటే బండిని మధ్యకి రెండు ముక్కలు చెయ్యాల. అందుకని రెండు ప్లేట్లూ, బేరింగూ, సీళ్ళూ ఒకేసారి వేయించండి. ఫింగర్లు, అంటే తొక్కినప్పుడు ప్లేట్లని వదిలించే వేళ్ళు, సమానంగా కట్టేటప్పుడు దగ్గరుండండి. బిగించాక పెడల్ సగం తొక్కి గేర్ వెయ్యండి, చప్పుడు లేకుండా పడాల. అడుక్కి తొక్కితే పీటీఓ షాఫ్ట్ కాసేపట్లో ఆగాల. ఆగకపోతే డబ్బులివ్వకుండా మళ్ళీ సెట్ చెయ్యమనండి.