బెణుకు, మడమ నొప్పి, మోకాలి అరుగుదల: ఏది ఎందుకు త్వరగా తగ్గదు?

కోడి కాలు శుభ్రం చేసేటప్పుడు ఒక్క నిమిషం ఆగి చూడండి. తోలు లాగుతుంటే కండకూ తోలుకూ మధ్య సాలెగూడులాంటి పల్చటి పొర సాగుతుంది. కండ చివర తెల్లగా మెరిసే తాడు ఎముకను పట్టుకుని ఉంటుంది, కత్తికి ఒక పట్టాన తెగదు. ఎముక కొన మీద నున్నటి తెల్లని తొడుగు ఉంటుంది. అక్కడక్కడా పసుపు కొవ్వు. ఇవన్నీ, ఎముకా రక్తంతో సహా, సంయోజక కణజాలాలే, అంటే ఒంట్లోని భాగాలను కలిపి, ఆసరాగా ఉండేవి. మన ఒంట్లోనూ ఇవే ఉన్నాయి.

కొవ్వు తప్ప వీటిలో చాలావాటిలో కణాలు తక్కువ, కణాల మధ్య పదార్థం ఎక్కువ. అందులోని కొల్లాజెన్ పోగులు బలాన్నిస్తాయి, ఎలాస్టిన్ పోగులు సాగనిస్తాయి. ఎముకలో అక్కడే కాల్షియం లవణాలు చేరి గట్టిపడుతుంది. రక్తంలో ఆ పదార్థం ద్రవంగానే, ప్లాస్మాగా ఉంటుంది.

నొప్పి వస్తే నేను మొదట ఆలోచించేది ఒక్కటే: అక్కడికి రక్తం ఎంత అందుతుంది? ఎముకకు బాగా అందుతుంది కాబట్టి విరిగిన మణికట్టు మామూలుగా 6-8 వారాల్లో అతుక్కుంటుంది. ఎముకను ఎముకతో కట్టే లిగమెంటుకు, కండను ఎముకతో కట్టే టెండానుకు తక్కువ, అందుకే వాటికి నెలలు పట్టొచ్చు. ఎముక కొన మీది నున్నటి తొడుగుకు, అంటే మృదులాస్థికి, అసలు రక్తనాళాలే లేవు.

సమస్య: కాలు మడత పడి చీలమండ వాచింది

కారణం: ఎముకను ఎముకతో కట్టి ఉంచే లిగమెంట్ సాగింది, లేదా కొంత చిరిగింది. ఎక్కువగా దెబ్బతినేది చీలమండ బయటి వైపుదే.

నాకూ మెట్లు దిగుతుంటే ఇలాగే అయింది. తెలిసినవాళ్ళు చెప్పిన చోటికి వెళ్తే వేడి నూనె రాసి గట్టిగా పిసికి, కాలు లాగారు. రాత్రికి వాపు రెట్టింపై చెప్పు కూడా పట్టలేదు. చిరిగిన చోట లోపల రక్తం కారుతుంటుంది. వేడి చేసి రుద్దితే అది ఇంకా పెరుగుతుంది. దయచేసి మొదటి 2-3 రోజులు మర్దన చేయించొద్దు.

పరిష్కారం: గుడ్డలో చుట్టిన ఐసు 15-20 నిమిషాల చొప్పున రోజుకు మూడు నాలుగు సార్లు పెట్టాలి. క్రేప్ బ్యాండేజ్ కట్టి, కాలు దిండు మీద ఎత్తుగా ఉంచాలి. ఎక్స్‌రే కావాలా అన్నది తేల్చడానికి కెనడాలోని ఒటావాలో డాక్టర్లు తయారు చేసిన పద్ధతి ఉంది. దెబ్బ తగిలినప్పుడూ, డాక్టరు దగ్గరికి వెళ్ళాకా కూడా 4 అడుగులు వేయలేకపోతే తీయించాలి. చీలమండకు రెండు పక్కలా ఉబ్బెత్తుగా ఉండే ఎముకల వెనక అంచు మీద గానీ, పాదం మధ్య ఎముకల మీద గానీ నొక్కితే నొప్పి ఉన్నా తీయించాలి. నొప్పి తగ్గాక గోడ పక్కన ఒంటికాలి మీద నిలబడటం రోజూ సాధన చేయండి. చాలామంది ఇది వదిలేస్తారు, అదే కాలు మళ్ళీ మళ్ళీ బెణుకుతుంది.

సమస్య: పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేస్తే మడమలో మేకు గుచ్చినట్టు నొప్పి

కారణం: మడమ నుంచి వేళ్ళ దాకా అరికాలి కింద పరుచుకున్న దళసరి పట్టీ, ప్లాంటార్ ఫేషియా, దెబ్బతింది. ఎక్స్‌రేలో ఎముక ముల్లులా కనిపిస్తే టెన్షన్ పడొద్దు, నొప్పి లేనివాళ్ళకూ అది ఉంటుంది.

పరిష్కారం: మంచం దిగేముందే కాలి వేళ్ళను వెనక్కి లాగి పట్టుకోండి, పిక్కలు సాగదీయండి. గ్రానైటు గచ్చు మీద ఒట్టి కాళ్ళతో నడవకుండా ఇంట్లోనూ మెత్తటి చెప్పులు వేసుకోండి. కొన్ని నెలలు ఓపిక పట్టాలి.

సమస్య: "మోకాళ్ళలో గుజ్జు అరిగిపోయింది" అన్నారు

కారణం: ఆ గుజ్జు ఎముక కొన మీది మృదులాస్థే, ఇందాక కోడి కాలిలో చూసిన నున్నటి తొడుగు. రక్తనాళాలు లేవు కాబట్టి కీలులోని ద్రవమే దానికి ఆహారం. నడిచినప్పుడు స్పాంజిలా నొక్కుకుని వదులుతూ ఆ ద్రవాన్ని పీల్చుకుంటుంది. అరుగుతుందని భయపడి కదలకుండా కూర్చుంటే దానికి తిండి మానేసినట్టే.

పరిష్కారం: కుర్చీలో కూర్చుని కాలు నిటారుగా చాచి 5 సెకన్లు ఆపండి. ఒక్కో కాలికి 10 సార్లు, రోజుకు రెండు పూటలా. తొడ కండరం బలపడితే మోకాలికి ఆసరా దొరుకుతుంది. 1 కిలో బరువు తగ్గితే అడుగు అడుగుకీ మోకాలి మీద సుమారు 4 కిలోల భారం తగ్గుతుంది. పాయా తాగితే గుజ్జు పెరుగుతుందని చాలామంది నమ్ముతారు. అందులో కొల్లాజెన్ ఉన్న మాట నిజమే, ఫ్రిజ్‌లో పెడితే జెల్లీలా గడ్డకట్టేది అదే. కానీ అది పేగుల్లో ముక్కలైపోతుంది, నేరుగా వెళ్ళి మోకాలికి అతుక్కోదు. నొప్పి లేకుండా టకటకమనే శబ్దం మాత్రమే ఉంటే మందు అక్కర్లేదు.

ఆలస్యం చేయకూడనివి

మడమ వెనక టప్పుమని తెగినట్టు అనిపించి, బోర్లా పడుకుని పిక్క నొక్కితే పాదం కదలకపోతే పిక్క కండను మడమకు కట్టే తాడు, అకిలస్ టెండాన్, తెగి ఉండవచ్చు. అదే రోజు ఆస్పత్రికి వెళ్ళండి. సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్స్ వాడుతుండగా అక్కడ నొప్పి మొదలైతే వెంటనే డాక్టరుకు చెప్పండి. ఒక్క మోకాలే ఎర్రగా వాచి, వేడిగా ఉండి, జ్వరం కూడా వస్తే అది అరుగుదల కాకపోవచ్చు. కీలులో చీము పట్టి ఉంటే మృదులాస్థి కొద్ది రోజుల్లోనే పాడవుతుంది, తెల్లారేదాకా ఆగొద్దు.