పరమాణువుల లెక్క – 5వ పాఠం: ప్లస్ ఎట్లా వస్తుంది, మైనస్ ఎట్లా వస్తుంది?

పోయిన పాఠంలో ఇచ్చిన మూడు ఎలక్ట్రాన్ విన్యాసాలు (కేంద్రకం చుట్టూ ఒక్కో పొరలో, అంటే ఒక్కో కర్పరంలో, ఎన్ని ఎలక్ట్రాన్లున్నాయో చెప్పే అంకెలు) ముందు సరిచూసుకోండి. సోడియం 2, 8, 1. మెగ్నీషియం 2, 8, 2. క్లోరిన్ 2, 8, 7. తప్పుంటే దిద్దుకొని ఆ కాగితం ఎదురుగా పెట్టుకోండి. ఇవాళంతా దానితోనే పని.

హన్మకొండలో నేను పదో తరగతి పిల్లలకు ట్యూషన్ చెప్తుంటాను. సోడియం అయాన్‌లో, అంటే ప్లస్ 1 ఆవేశం వచ్చిన సోడియం పరమాణువులో, ఎన్ని ప్రోటాన్లుంటాయని అడిగితే ప్రతి బ్యాచ్‌లో ఎవరో ఒకరు 12 అని రాస్తారు. అదేందిరా అంటే, "ప్లస్ వన్ అన్నరు గద సార్, ఒకటి కలిసినట్టే గద!" అంటారు. పిల్లల తర్కం తప్పు కాదు, కలిపిన చోటు తప్పు. ప్రోటాన్లు కేంద్రకం లోపల ఉంటాయి. మంట పెట్టినా, యాసిడ్ పోసినా వాటి లెక్క మారదు. ఒకవేళ 12వ ప్రోటాన్ చేరితే అది సోడియమే కాదు, మెగ్నీషియం. వచ్చేవీ పోయేవీ ఎలక్ట్రాన్లు మాత్రమే. మీ దగ్గర 11 రూపాయలున్నాయి, కిరాణా కొట్టులో 11 రూపాయల బాకీ ఉంది. నికరం సున్నా. ఆ బాకీలో ఒక రూపాయి మాఫీ అయితే? జేబులోకి కొత్తగా ఏమీ రాలేదు, అయినా లెక్కలో ప్లస్ 1 తేలింది. సోడియం అయాన్ కథ అదే: 11 ప్రోటాన్లు, 10 ఎలక్ట్రాన్లు. క్లోరిన్‌ది దీనికి తిరగేసిన లెక్క: 17 ప్రోటాన్లు, 18 ఎలక్ట్రాన్లు, మైనస్ 1.

ఇక అసలు ప్రశ్న. సోడియం నుంచే ఎందుకు పోవాలి, క్లోరిన్‌కే ఎందుకు రావాలి?

ఎంగిలిపూల బతుకమ్మ నాటి సాయంత్రం వేయిస్తంభాల గుడి దగ్గర ఆట చూసినవాళ్లకు కర్పరాల సంగతి తొందరగా పట్టుబడుతుంది. నడుమ బతుకమ్మలు. వాటి చుట్టూ ఒక వలయం, దాని వెనుక ఇంకోటి, జనం పెరిగితే మూడోది. నడుమ పాట చెప్పే పెద్దమ్మ గొంతు మొదటి వలయంలో వాళ్లకు స్పష్టంగా వినిపిస్తుంది. మూడో వలయంలో అప్పుడే వచ్చి చేరిన పిల్లకు ముందు వరుసల చప్పట్లే అడ్డం. పక్క గుంపువాళ్లు చెయ్యి పట్టి లాగితే ఆ పిల్ల పోతుంది, మొదటి వలయంలో ఉన్నామె కదలదు. (పోలిక ఇంతవరకే. ఎలక్ట్రాన్లు నిజంగా ఇట్లా వలయాల్లో తిరగవు. ఆ ముచ్చట ఇంటర్‌లో.)

దీన్నే అంకెల్లో పెడదాం. సోడియం కేంద్రకంలో 11 ధనావేశాలు. చివరి ఎలక్ట్రాన్‌కు అడ్డంగా లోపల 10 ఎలక్ట్రాన్లు. 11లో 10 పోతే దానికి అందే లాగుడు సుమారు 1. క్లోరిన్‌లోనూ లోపల అడ్డమున్నవి 10, కేంద్రకంలో మాత్రం 17. బయటి కర్పరానికి అందే లాగుడు సుమారు 7. పక్కా లెక్క వేస్తే ఈ అంకెలు కొంచెం అటూఇటూ అవుతాయి, ఎవరిది బలమైన పట్టు అన్నది మాత్రం మారదు.

మరి ఒక్కటితోనే ఎందుకు ఆగాలి? సోడియం మొదటి ఎలక్ట్రాన్‌ను పీకడానికి మోల్‌కు (మోల్ అంటే పరమాణువులను లెక్కపెట్టే ఒక పెద్ద కట్ట) 496 కిలోజౌళ్లు కావాలి. రెండోదానికి 4562. తొమ్మిది రెట్లకు పైనే. ఎందుకంటే అది రెండో కర్పరంలోది, దానికి అడ్డం ఇద్దరే: 11లో 2 పోతే 9. మెగ్నీషియానికి మొదటిది 738, రెండోది 1451, మూడోది ఒకేసారి 7733. అందుకే దాని అయాన్ ప్లస్ 2 దగ్గర ఆగుతుంది. క్లోరిన్ వైపు చూడండి. ఒక ఎలక్ట్రాన్ వచ్చి ఎనిమిదో ఖాళీలో కూర్చుంది. ఇంకోటి వస్తే నాలుగో కర్పరంలో కూర్చోవాలి. అక్కడికి అడ్డం 18, లాగేది 17. దాన్ని పట్టి ఉంచడానికి ఏమీ మిగల్లేదు. అష్టకం, అంటే బయటి కర్పరంలో ఎనిమిది నిండడం, మంత్రమేమీ కాదు, ఈ కూడికలు తీసివేతలే.

గైడ్లలో "సోడియం ఎలక్ట్రాన్‌ను ఇచ్చి సంతృప్తి చెందుతుంది" అని రాస్తారు. నాకు ఆ మాట అస్సలు నచ్చదు. సోడియం ఊరికే ఏదీ ఇవ్వదు, 496 ఖర్చు పెట్టి పీకాల్సిందే. క్లోరిన్ దాన్ని అందుకున్నప్పుడు తిరిగి వచ్చేది 349. ఇంకా 147 లోటు! మరి ఈ రెండూ కలిసి ఉప్పు (సోడియం క్లోరైడ్) ఎట్లా పుట్టింది?

ఎనుమాముల మార్కెట్‌కు పత్తి తోలిన ఇంటి పిల్లలైతే తక్‌పట్టీ చూసే ఉంటారు. పైన సరుకు ధర, కింద కోతలు, అడుగున చేతికొచ్చేది. ఉప్పుకూ ఒక తక్‌పట్టీ రాద్దాం, ఒక మోల్‌కు కిలోజౌళ్లలో. ప్లస్, మైనస్ అయాన్లు ఒకదాన్నొకటి లాక్కొని స్ఫటికంగా పేరుకున్నప్పుడు విడుదలయ్యేది 787. ఇది సరుకు ధర. కోతల్లో మొదటిది, సోడియం లోహాన్ని విడి పరమాణువులుగా చేసి, క్లోరిన్ జంటలను విడగొట్టే ఖర్చు, రెండూ కలిపి 229. రెండోది ఇందాకటి లోటు 147. అన్నీ పోను 411 మిగులు. సోడియం క్లోరిన్ వాయువులో మండుతుంటే కళ్లు చెదిరే పసుపు వెలుగు, వేడి వచ్చేది ఆ మిగులులోంచే. అంటే ఒంటరి సోడియం, ఒంటరి క్లోరిన్‌ల మధ్య ఇచ్చిపుచ్చుకోవడం నష్టపు బేరమే. గుంపుగా చేరినప్పుడే గిట్టుబాటు.

పేర్ల సంగతి రెండు ముక్కల్లో. అయాన్ అన్న మాటను 1834లో ఫారడే వాడుకలోకి తెచ్చాడు. గ్రీకులో దానికి "వెళ్లేది" అని అర్థం, ద్రావణంలో కరెంటు పంపితే ఇవి నడుస్తాయి గనుక. కాథోడ్ (మైనస్ కడ్డీ) వైపు నడిచే ప్లస్ అయాన్ కాటయాన్, ఆనోడ్ (ప్లస్ కడ్డీ) వైపు నడిచే మైనస్ అయాన్ ఆనయాన్. లోహానికి అయాన్‌గా మారినా పాత పేరే. అలోహానికి మాత్రం తోక మారుతుంది: క్లోరిన్ క్లోరైడ్, ఆక్సిజన్ ఆక్సైడ్.

ఒకటి నాతో కలిసి చేయండి. కాల్షియం, పరమాణు సంఖ్య 20. విన్యాసం 2, 8, 8, 2. బయట రెండే, వాటికి అడ్డం 18, అందే లాగుడు సుమారు 2. రెండూ పోతాయి. 20 ప్రోటాన్లు, 18 ఎలక్ట్రాన్లు, ప్లస్ 2. బోరు నీళ్లు కాచీ కాచీ గిన్నె అడుగున తెల్లగా గట్టిపడే పొర ఉంటుంది కదా, దాన్ని గోటితో గీకి చూడండి. అందులో ఎక్కువగా ఉండేది కాల్షియం కార్బొనేట్. ఆ నీళ్లలో సబ్బు నురగ రాకుండా అడ్డుపడేవి ఈ కాల్షియం, మెగ్నీషియం అయాన్లే.

ఇక మీ వంతు. అల్యూమినియం 13, సల్ఫర్ 16, పొటాషియం 19: మూడింటికీ విన్యాసం, అడ్డం, లాగుడు, అయాన్ ఆవేశం వరుసగా రాయండి. కార్బన్ 6కు కూడా అదే ప్రయత్నించి, నాలుగు ఎలక్ట్రాన్లను పీకడం ఎందుకు కుదరని బేరమో మీ మాటల్లో చెప్పండి. చివరగా ఒకటి: సోడియం అయాన్‌లోనూ 10 ఎలక్ట్రాన్లే, మెగ్నీషియం అయాన్‌లోనూ 10 ఎలక్ట్రాన్లే. రెండింటిలో ఏది చిన్నది, ఎందుకు? వచ్చే పాఠం ఈ జవాబుతోనే మొదలుపెడతాను.