మీ వెబ్‌పేజీకి కోడ్ ఎడిటర్ ఎంచుకోవడం ఎలా? ఏస్, కోడ్‌మిర్రర్, మొనాకో

పిల్లలకు పైథాన్ నేర్పే సైటో, కాలేజీ ల్యాబ్‌కు ప్రాక్టీస్ పేజీయో తయారు చేస్తున్నారనుకోండి. కోడ్ టైప్ చేయడానికి పేజీలో ఒక పెట్టె కావాలి. మామూలు టెక్స్ట్ ఏరియా పెడితే రంగులుండవు, లైన్ నంబర్లుండవు, ఎంటర్ కొడితే ఇండెంట్ రాదు. సొంతంగా ఎడిటర్ రాసుకుందామంటే అది ఏళ్ల పని. అందుకే ఎక్కువమంది ఏస్, కోడ్‌మిర్రర్, మొనాకోల్లో ఒకటి తీసుకుంటారు. మూడూ ఓపెన్ సోర్సే. ఏస్‌ది బీఎస్‌డీ లైసెన్సు, మిగతా రెండింటిదీ ఎంఐటీ. డబ్బు తీసుకునే సైట్లో పెట్టుకున్నా ఇబ్బంది లేదు.

వీటిని పోల్చే పట్టికలు నెట్‌లో చాలానే దొరుకుతాయి. కలరింగ్, సెర్చ్, ఆటో కంప్లీట్ అని ఏ గడి చూసినా మూడింటికీ టిక్కే ఉంటుంది. అసలు తేడా బయటపడేది మీ విద్యార్థి చేతిలోని ఫోన్లో, అతను టైప్ చేసే తెలుగులో. కాబట్టి పట్టిక పక్కన పెట్టి, మీరే పరీక్ష పెట్టండి.

మొదటి అడుగు: ఎవరు, దేనిమీద టైప్ చేస్తారో రాసుకోండి

ల్యాప్‌టాప్ మీదా, ఫోన్ మీదా? ఏ భాష? ఒక్కో పేజీలో ఒక ఎడిటర్ ఉంటే చాలా, పాఠం మధ్యలో పది చోట్ల కావాలా? టైప్ చేస్తుంటే తప్పులు చూపించాలా, రంగులు వస్తే సరిపోతుందా? ఈ నాలుగింటికి జవాబు రాసుకోకుండా కోడ్ మొదలుపెట్టొద్దు.

రెండో అడుగు: మూడింటి పుట్టుక కాస్త తెలుసుకోండి

ఏస్ పాతకాపు. మొజిల్లా 2009లో బెస్పిన్ అనే ఎడిటర్ తెచ్చింది. దాని పేరు తర్వాత స్కైరైటర్‌గా మారి, చివరికి 2011లో ఏస్‌లో కలిసిపోయింది. బ్రౌజర్‌లోనే కోడ్ రాసుకునే క్లౌడ్9 ఐడీఈ దీనిమీదే నడిచింది.

కోడ్‌మిర్రర్‌ను మరైన్ హావర్‌బెకే 2007లో మొదలుపెట్టారు. ఇప్పుడు వాడాల్సింది 2022లో వచ్చిన ఆరో వెర్షన్. అది పాత కోడ్‌కు మరమ్మతు కాదు, మొదటి నుంచీ కొత్తగా రాసింది. నెట్‌లో దొరికే పాఠాలు చాలావరకు ఐదో వెర్షన్‌వి, ఆ కోడ్ ఆరులో నడవదు. ఈ ఒక్క విషయం దగ్గరే కొత్తవాళ్లు సగం రోజు పోగొట్టుకుంటారు.

మొనాకో మైక్రోసాఫ్ట్‌ది. వాళ్ల వీఎస్ కోడ్ అనే కోడింగ్ సాఫ్ట్‌వేర్ లోపల ఉండే ఎడిటర్ ఇదే.

మూడో అడుగు: మూడు ఖాళీ పేజీల్లో మూడూ నిలబెట్టండి

ఏస్ అన్నిటికన్నా సులువు. ఒక స్క్రిప్ట్ ట్యాగ్, ఒక డివ్, మోడ్ పైథాన్ అని ఒక లైన్ చాలు. కోడ్‌మిర్రర్ 6 చిన్న చిన్న ప్యాకేజీలుగా వస్తుంది. ప్యాకేజీలు తెచ్చే ఎన్‌పీఎం, వాటిని పేజీకి కలిపి కట్టే వీట్ (Vite) లాంటి బండ్లర్ అలవాటు లేకపోతే మొదట చికాకు పెడుతుంది. కానీ అవసరమైన ముక్కలే తీసుకోవచ్చు కాబట్టి పేజీ తేలిగ్గా ఉంటుంది.

మొనాకోలో చూసుకోవాల్సింది వెబ్ వర్కర్లు, అంటే పేజీకి అడ్డు రాకుండా వెనకాల విడిగా నడిచే స్క్రిప్టులు. వాటి దారి సరిగ్గా ఇవ్వకపోయినా ఎడిటర్ తెరుచుకుంటుంది, అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. కన్సోల్ తెరిస్తే మాత్రం వర్కర్ దొరకలేదని, ఆ పని పేజీని నడిపే మెయిన్ థ్రెడ్‌లోనే చేస్తున్నానని హెచ్చరిక ఉంటుంది. అలా వదిలేస్తే టైప్ చేస్తున్నప్పుడు పేజీ బిగుసుకుపోతుంది.

నిలబెట్టాక బ్రౌజర్ డెవలపర్ టూల్స్‌లో నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి, కాష్ ఆపేసి, ఒక్కో పేజీ ఎంత డౌన్‌లోడ్ చేసిందో రాసుకోండి. మొనాకో బరువు చూసి కొంచెం ఉలిక్కిపడతారు. ఊళ్లో మొబైల్ డేటా మీద తెరిచేవాళ్లను దృష్టిలో పెట్టుకుని ఆ అంకె చూడండి.

నాలుగో అడుగు: ఫోన్లో తెరవండి

చాలామంది ఈ అడుగు చివరికి వదిలేస్తారు. నిజానికి నిర్ణయం సగం ఇక్కడే అయిపోతుంది. మొబైల్ బ్రౌజర్లకు సపోర్ట్ లేదని మొనాకో వాళ్లే రాశారు. మీ వాళ్లు ఫోన్ మీద రాసేవాళ్లయితే దాన్ని జాబితాలోంచి తీసేయండి. ఏస్ ఫోన్లో నడుస్తుంది గానీ, సెలెక్షన్ అదే సొంతంగా గీస్తుంది కాబట్టి ఫోన్ అలవాటు ప్రకారం వేలు పనిచేయదు. కోడ్‌మిర్రర్ 6 బ్రౌజర్ ఇచ్చే ఎడిటింగ్ సదుపాయం మీదే నడుస్తుంది. ఫోన్ సొంత సెలెక్షన్, సొంత కీబోర్డ్ మామూలుగా పనిచేస్తాయి. బ్రౌజర్‌లో కోడ్ రాసి నడుపుకునే రెప్లిట్ సైటు ఏస్‌తో మొదలై, మొనాకోకు వెళ్లి, చివరికి కోడ్‌మిర్రర్‌కు వచ్చింది. దానికి ముఖ్య కారణాల్లో మొబైల్ ఒకటి.

ఒక లైన్ మీద వేలు నొక్కి పట్టుకుని మధ్యలో మాట ఒకటి కాపీ చేయండి, ఇంకోచోట పేస్ట్ చేయండి. ఇంగ్లీషులో print అని టైప్ చేసి, కీబోర్డ్ మొదటి అక్షరాన్ని పెద్దదిగా మార్చేస్తోందేమో చూడండి.

ఐదో అడుగు: తెలుగు టైప్ చేయండి

తెలుగు పిల్లల కోసం కడుతున్న పేజీలో తెలుగు సరిగా రాకపోతే ఇంక ఎందుకు? కామెంట్లలో, కోట్స్ మధ్య తెలుగు తప్పకుండా వస్తుంది. పైథాన్ 3లో, జావాస్క్రిప్ట్‌లో "పేరు" అనే మాటను వేరియబుల్‌గా కూడా పెట్టుకోవచ్చు.

ఈ లైన్ మూడింటిలోనూ కొట్టండి: పేరు = "స్త్రీ శక్తి"

ఇప్పుడు కుడి బాణం కీతో ఒక్కో అక్షరం దాటుతూ వెళ్లండి. "స్త్రీ" కంటికి ఒక్క అక్షరమే గానీ యూనికోడ్‌లో ఆరు కోడ్‌లు: స, పొల్లు, త, పొల్లు, ర, ఈత్వం. కర్సర్ ఎక్కడ ఆగుతోంది? బ్యాక్‌స్పేస్ కొడితే ఏం పోతోంది, మొత్తం అక్షరమా, ఈత్వం ఒక్కటేనా? తర్వాత లైన్ చివర మౌస్‌తో క్లిక్ చేసి ఇంకో మాట టైప్ చేయండి.

ఏస్ ఇక్కడ తడబడుతుంది. ప్రతి అక్షరం ఒకే వెడల్పు ఉంటుందన్న లెక్క మీద అది కర్సర్ పెడుతుంది. తెలుగు అక్షరాలు ఆ లెక్కకు లొంగవు కాబట్టి కర్సర్ ఒకచోట కనిపిస్తుంది, అక్షరం ఇంకోచోట పడుతుంది. కోడ్‌మిర్రర్, మొనాకో అక్షరం నిజంగా ఎక్కడుందో బ్రౌజర్‌నే అడుగుతాయి. అయితే మొనాకోలో వర్డ్ ర్యాప్ (పొడవు లైన్‌ను కిందికి మడవడం) వాడితే, ర్యాపింగ్ స్ట్రాటజీ సెట్టింగ్‌ను అడ్వాన్స్‌డ్‌కు మార్చండి. మామూలుగా ఉండే సింపుల్ పద్ధతిది కూడా ఒకే వెడల్పు లెక్కే.

ఎందులోనైనా సరే లైన్ హైట్ కొంచెం పెంచండి. లేకపోతే ఒత్తులు కింది లైన్‌కు తగులుతాయి.

ఆరో అడుగు: మౌస్ వదిలేసి కీబోర్డ్‌తో తిరగండి

ట్యాబ్ కీ నొక్కితే ఎడిటర్‌లో ఇండెంట్ పడాలా, పేజీలో తర్వాతి బటన్‌కు వెళ్లాలా? కోడ్‌మిర్రర్ 6 మామూలుగా ట్యాబ్‌ను ముట్టుకోదు. కీబోర్డ్ మీదే ఆధారపడే వాళ్లు పెట్టెలో ఇరుక్కుపోకూడదని ఆ నిర్ణయం, నాకు అది చాలా నచ్చింది. ఇండెంట్ కావాలంటే మీరే ఆ కీమ్యాప్ (ఏ కీ ఏం చేయాలో చెప్పే జాబితా) చేర్చుకోవచ్చు. మొనాకోలో కంట్రోల్‌తో ఎం నొక్కితే ట్యాబ్ పని మారుతుంది.

పెద్ద ఫైలు కూడా ఒకటి పేస్ట్ చేసి చూడండి. మూడూ తెర మీద కనిపించే లైన్లనే గీస్తాయి. అందుకే బ్రౌజర్ సొంత సెర్చ్‌కు మిగతా లైన్లు దొరకవు, ఎడిటర్ సెర్చ్ వాడాలి.

ఏడో అడుగు: తేల్చుకుని, తలుపు తెరిచి ఉంచండి

కొత్తగా మొదలుపెట్టే, తెలుగులో కోడింగ్ నేర్పే సైటుకు నేనైతే కోడ్‌మిర్రర్ 6 తీసుకోమంటాను. వాడేవాళ్లంతా ల్యాప్‌టాప్ మీద టైప్‌స్క్రిప్ట్, జావాస్క్రిప్ట్ రాసేవాళ్లయితే మొనాకో. టైప్ చేస్తుండగానే తప్పులు పట్టడం, సూచనలివ్వడం దానికి పుట్టుకతో వచ్చాయి. ఆఫీసు లోపల వాడుకునే చిన్న పేజీ, ఇంగ్లీషులోనే కోడ్, సాయంత్రానికల్లా అయిపోవాలంటే ఏస్ చాలు.

ఏది తీసుకున్నా దాని ఫంక్షన్లను సైటంతా చల్లేయకండి. టెక్స్ట్ తీసుకునేది ఒకటి, పెట్టేది ఒకటి, మార్పు జరిగితే చెప్పేది ఒకటి అని మూడు సొంత ఫంక్షన్లు రాసి, మిగతా కోడ్ వాటితోనే మాట్లాడేలా చూడండి. డేటాబేస్‌లో సాదా టెక్స్టే దాచండి. రేపు ఎడిటర్ మార్చాల్సి వస్తే ఆ ఒక్క ఫైలు తిరగరాస్తే సరిపోతుంది.