కొత్తగా తయారైన 1911 పిస్టల్‌ను పరిశీలించడం ఎలా?

జాన్ మోజెస్ బ్రౌనింగ్ రూపొందించిన .45 ఏసీపీ రకం తూటాలు కాల్చే పిస్టల్‌ను అమెరికా సైన్యం 1911 మార్చి 29న స్వీకరించింది. 1985లో బెరెట్టా ఎం9 ఎంపికయ్యే వరకు అదే సైనికుల నడుమున వేలాడింది. నేటికీ ఎన్నో సంస్థలు దాని ప్రతిరూపాలను తయారు చేస్తున్నాయి. వాటిలో ఒకదాన్ని కొనదలచినవారు ధర అడిగే ముందే, అది తొలినాటి ఎం1911ను పోలినదా, లేక 1920లలో మార్పులు చేసిన ఎం1911ఏ1ను పోలినదా అన్నది తేల్చుకోవాలి.

చేతిలోకి తీసుకోగానే మ్యాగజైన్ (తూటాల పెట్టె) తీసి, స్లైడ్‌ను (పైన జారే లోహభాగం) వెనక్కి లాగి, ఛాంబర్ (తూటా కూర్చునే గది) ఖాళీగా ఉన్నదని కంటితో చూసి, వేలితోనూ తడిమి నిర్ధారించుకోండి. ఆ తర్వాత ట్రిగ్గర్ వెనుక ఫ్రేమ్‌ను (పిడితో కూడిన కింది భాగం) బొటనవేలితో నిమరండి. రెండు వైపులా నెలవంక ఆకారంలో పల్లం తగిలితే అది ఏ1 పోలిక. చిన్న చేతులవారి వేలికి కూడా ట్రిగ్గర్ అందాలనే ఆ పల్లం చెక్కారు, ట్రిగ్గర్‌నూ పొట్టి చేశారు. ఏ1లో పిడి వెనుక భాగం అరచేతిలోకి ఉబ్బి ఉంటుంది. తొలి రకంలో చదునుగా ఉంటుంది. హ్యామర్ (వెనుక ఉండే సుత్తి) చేతి చర్మాన్ని కొరకకుండా గ్రిప్ సేఫ్టీ (పిడిని పట్టుకుంటేనే కాల్చనిచ్చే మీట) కొసను పొడిగించడం కూడా ఏ1లో వచ్చిన మార్పే. నెలవంక పల్లాలతో పాటు చదునైన పిడి కనిపిస్తే, తయారీదారు రెండు కాలాలను కలిపేశారని అర్థం.

రెండో ప్రపంచయుద్ధ కాలపు రూపమే కావాలనుకుంటే, మెరుపు లేని బూడిదరంగు ఫాస్ఫేట్ పూత, గోధుమరంగు ప్లాస్టిక్ పిడి పలకలు, చిన్న సైట్లు (గురి చూసే గుర్తులు) ఉన్నదానినే ఎంచుకోండి. తుర్కియేకు చెందిన టిసాస్ సంస్థ అమెరికా సైన్యం పేరుతో చేసే రకం ఈ రూపానికి దగ్గరగా ఉంటుంది. స్ప్రింగ్‌ఫీల్డ్ ఆర్మరీ వారి 'మిల్-స్పెక్'లో మూడు తెల్ల చుక్కల సైట్లు, వెడల్పు చేసిన ఎజెక్షన్ పోర్టు (ఖాళీ తూటా తొడుగు బయటపడే రంధ్రం) ఉంటాయి. కాల్చడానికి అవి నిజంగా మేలే; పాత రూపాన్ని కోరేవారికి మాత్రం అది తగదు.

పేర్లను చూసి మోసపోవద్దు. మసాచుసెట్స్‌లోని ప్రభుత్వ స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధాగారం 1968లోనే మూతపడింది. ఇప్పటి సంస్థ ఇల్లినాయిస్‌కు చెందిన ప్రైవేటు కంపెనీ. రాక్ ఐలాండ్ ఆర్మరీ పేరుతో వచ్చే పిస్టళ్లను ఫిలిప్పీన్స్‌లో ఆర్మ్‌స్కోర్ తయారు చేస్తుంది.

బ్యారెల్ 5 అంగుళాలు ఉండాలి. 4.25 అంగుళాల కమాండర్, 3.5 అంగుళాల ఆఫీసర్స్ రకాలు తర్వాత వచ్చినవి. చివరగా, అమ్మేవారి అనుమతితో స్లైడ్‌ను విప్పి అడుగున చూడండి. అక్కడ చిన్న గుండ్రటి ప్లంజర్ (నొక్కితే కదిలే ముక్క) కనిపిస్తే, అది కోల్ట్ కంపెనీ 1983లో సిరీస్ 80 పిస్టళ్లతో తెచ్చిన ఫైరింగ్ పిన్ (తూటాను పొడిచి పేల్చే సూది) అడ్డు. పిస్టల్ కింద పడినా పేలకుండా అది కాపాడుతుంది. సైనిక పిస్టళ్లలో అది లేదు.