బాడుగ చట్టం మనకు మనమే: 3వ పాఠం – తాళం ఎవరి చేతిలో ఉంది?

పోయిన పాఠంలో అగ్రిమెంటు చదవడం చూశాం. ఈసారి దాని పైన పెద్దక్షరాలతో ‘లీజు’ అనో ‘లైసెన్సు’ అనో ఉన్న పేరును కాసేపు పక్కన పెట్టి, అక్కడున్నది బాడుగదారా, అనుమతి మీదున్నవాళ్ళా, చొరబడినవాళ్ళా అన్నది చూద్దాం.

తిరుపతి బైరాగిపట్టెడలో ఒక మేడ ఉందనుకోండి. పై పోర్షన్‌లో ఒక కుటుంబం నెలనెలా బాడుగ కట్టుకుంటూ ఉంటోంది. కింద మెట్ల పక్కన ఒకామె, ఇంటామెను అడిగి, పొద్దున పూట ఇడ్లీ బండి పెట్టుకుంటోంది. వెనక ఖాళీ గదికి ఎవరో తాళం పగలగొట్టి సామాన్లు దించారు. ఆవరణ ఒకటే, చట్టం దృష్టిలో మాత్రం ముగ్గురూ వేర్వేరు.

పై కుటుంబానిది లీజు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 105వ సెక్షన్ ప్రకారం ఆ ఇంటిని అనుభవించే హక్కే వాళ్ళకు బదిలీ అయింది. ఇడ్లీ బండామెది లైసెన్సు, అంటే ఉత్త అనుమతి. ఇది అదే ఏడాది వచ్చిన ఈజ్‌మెంట్ల (పక్కవాళ్ళ స్థలం గుండా దారి లాంటి హక్కుల) చట్టం 52వ సెక్షన్‌లో ఉంది. స్థలంలో ఆమెకు హక్కేమీ రాదు. అనుమతి ఉంది కాబట్టి ఆమె అక్కడుండటం తప్పు కాదు, అంతే. మూడోవాడికి ఆ అనుమతి కూడా లేదు.

తేడా తెలియాలంటే ఇల్లు అమ్మి చూడండి. కొన్నవాడు పై కుటుంబం లీజును ఒప్పుకోవాల్సిందే. ఇడ్లీ బండామె అనుమతి మాత్రం అతన్ని కట్టిపడేయదు.

కాగితం మీద ‘లైసెన్సు’ అని రాసుకుంటే చాలదా? చాలదు. ఢిల్లీ ఇంపీరియల్ హోటల్లో గదులు తీసుకుని క్షౌరశాల నడిపిన ఒకాయన కాగితం మీద కూడా అదే ఉంది. 1959లో సుప్రీంకోర్టు దాన్ని లీజు కిందే లెక్కగట్టింది. ఆ తీర్పులో లీజో లైసెన్సో తేల్చే పరీక్షలు రాసిచ్చింది మన రాజమండ్రి వైపు జడ్జి కోకా సుబ్బారావు. పేరు కాదు, సారం చూడమన్నారు. గది మీద పూర్తి స్వాధీనం ఇచ్చారా? ఇద్దరి ఉద్దేశం ఏమిటి?

తాళంచెవి ఒక్కటే చూసినా మోసపోతాం. తిరుమలలో గది తాళం మన జేబులోనే ఉంటుంది. అయినా మనం బాడుగదారులం కాదు, ఒకట్రెండు రోజులు ఉండి పోయేవాళ్ళం. నేను చదువుకునే రోజుల్లో యూనివర్సిటీ దగ్గర రూము ఓనరు రెండో తాళం పెట్టుకుని, చెప్పాపెట్టకుండా వచ్చి ఫ్యాను ఆపేసి పోయేవాడు. ఆయన అలా వచ్చినంత మాత్రాన మా లీజు లైసెన్సు అయిపోలేదు. ఆ సంగతి అప్పుడు తెలిసుంటే అంత టెన్షన్ పడేవాళ్ళం కాదు!

పంపించాలన్నా దారులు వేరు. ఒప్పందంలోనో స్థానిక చట్టంలోనో ఇంకోలా లేకపోతే, నెలవారీ బాడుగదారుకు 15 రోజుల నోటీసు. అనుమతి మీదున్నవాళ్ళకు సర్దుకుని పోవడానికి తగినంత సమయం. చొరబడినవాడికి నోటీసు అక్కర్లేదు గానీ, ఏళ్ళ తరబడి పాతుకుపోయాక ఓనరు కూడా గెంటకూడదు, కోర్టుకే పోవాలి. గడువు దాటిన బాడుగదారూ రాత్రికి రాత్రి చొరబాటుదారు అయిపోడు. బలవంతంగా ఖాళీ చేయిస్తే ఆరు నెలల్లోపు దావా వేసి స్వాధీనం అడగొచ్చు.

వచ్చే పాఠంలోపు ఇది తేల్చండి. గాంధీరోడ్డులో ఒక బట్టల షాపు. లోపల ఒక మూల గాజుల కౌంటరు పెట్టుకున్నామె నెలకు ఇంత అని ఇస్తోంది, కాగితం మీద ‘బాడుగ పత్రం’ అనే ఉంది. పొద్దున షట్టరు ఎత్తేదీ, రాత్రి దించి తాళం తీసుకుపోయేదీ షాపు ఓనరు. గాజులామె ఎవరు?