సాఫ్ట్‌వేర్ డబ్బు వెనక్కి అడిగే ముందు

రిఫండ్ గడువు దగ్గర పడుతోందా? కోపంగా మెయిల్ కొట్టే ముందు ఇవి చూసుకోండి.

– ఎకాఎకిన బ్యాంకులో ఛార్జ్‌బ్యాక్ (కార్డుతో కట్టిన డబ్బు వెనక్కి రప్పించమని బ్యాంకుకి ఫిర్యాదు) పెట్టకండి. దానివల్ల కంపెనీకి ఫీజు కూడా పడుతుంది, లైసెన్స్ కీ ఆపేసే అవకాశం ఎక్కువ. మీ డేటా అందులోనే ఉంటే అదీ చిక్కుకుపోతుంది. ముందు ఎక్స్‌పోర్ట్ చేసి, ఆ ఫైలు వేరేచోట తెరుచుకుంటుందో లేదో చూడండి.

– కార్డు స్టేట్‌మెంట్‌లో ఎవరి పేరుందో చూడండి. చిన్న కంపెనీల తరఫున ప్యాడిల్, ఫాస్ట్‌స్ప్రింగ్ లాంటి అమ్మకపు సంస్థలు సాఫ్ట్‌వేర్ అమ్ముతాయి; రిఫండ్ అక్కడా అడగొచ్చు. యాపిల్ యాప్ స్టోర్‌లో కొంటే ఇవ్వాల్సింది యాపిలే, డెవలపర్‌ని తిట్టి లాభం లేదు.

– స్పామ్ ఫోల్డర్ వెతకండి. రాలేదనుకున్న జవాబు అక్కడ పడి ఉండొచ్చు.

– ఆర్డర్ నంబరు, వెర్షన్, ఎర్రర్ స్క్రీన్‌షాట్ మొదటి మెయిల్లోనే పెట్టండి. ఉత్తినే "పనిచేయట్లేదు" అంటే ఎదురు ప్రశ్నలతోనే గడువు దాటిపోతుంది.

– ఆటో రెన్యువల్ విడిగా ఆపండి. రిఫండ్ వచ్చినా అది దానంతటదే ఆగకపోవచ్చు.